ఆవులకు వచ్చింది, కోళ్లకు రాలేదు

ప్రశ్న: కరోనా సమయంలో అమెరికా ప్రభుత్వం పల్లెల్లోని రైతులకు ఇచ్చిన డబ్బు నిజంగా నష్టపోయినవాళ్లకు అందిందా?

చాలామందికి అందలేదు. నేను కళ్లారా చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ఉత్తర జార్జియాలో ఒక చిన్న ట్యాక్స్ ఆఫీసులో రైతుల లెక్కలు చూస్తుంటాను. 2020 ఏప్రిల్‌లో వ్యవసాయ శాఖ 1,600 కోట్ల డాలర్లు నేరుగా రైతుల చేతికే ఇస్తామంది. మే 26 నుంచి దరఖాస్తులు. మా చుట్టుపక్కల ఎటు చూసినా బ్రాయిలర్ షెడ్లే, కాబట్టి కోళ్లకు తప్పకుండా వస్తుందని అందరూ ఆశపడ్డారు.

జూన్‌లో డెబ్బై దాటిన ఒక పెద్దాయన వచ్చాడు. ఒక కంపెనీకి కాంట్రాక్టు మీద కోళ్లు పెంచే నాలుగు షెడ్లు, చిన్నా పెద్దా కలిపి 30 పశువులు. బ్యాచ్ బ్యాచ్‌కీ ఆ కంపెనీ ఇచ్చిన లెక్క కాగితాలన్నీ ఒక క్లిప్పు పెట్టి తెచ్చాడు. షెడ్లు ఖాళీగా ఉన్న రోజుల చుట్టూ పెన్సిలుతో గీతలు గీసుకున్నాడు. మామూలుగా రెండు వారాల్లో దిగే కోడిపిల్లలు ఐదు వారాలైనా దిగలేదు. షెడ్ల మీద తెచ్చిన అప్పుకు వాయిదా మాత్రం ఆగదు కదా.

ఆ పథకం జాబితాలో కోళ్లు లేవని చెప్పాల్సి వచ్చింది. పశువులకు మాత్రం ఉంది. అమ్మకుండా ఉంచుకున్న ఒక్కోదానికి 33 డాలర్ల చొప్పున 990. అందులో 80 శాతం ముందు, అంటే 792. సెప్టెంబరులో రెండో విడతకు జాబితాలో బ్రాయిలర్లను చేర్చారు, అయినా ఆయనకు రాలేదు. పిల్లలూ మేతా కంపెనీవి, ధర పడితే నష్టం కంపెనీది, కాబట్టి కాంట్రాక్టు మీద పెంచేవాళ్లు అర్హులు కారన్నారు. ఆ మాట చెబితే ఆయన ఒకటే అడిగాడు: “రాత్రి రెండింటికి ఫ్యాన్లు ఆగిపోతే లేచి పరిగెత్తేది ఎవరు?” నా దగ్గర జవాబు లేదు.

అమెరికా రైతంటే ఏసీ ట్రాక్టరు, వేల ఎకరాలు అని మనవాళ్లు వాట్సాప్‌లో పంపే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక మనిషికి రెండున్నర లక్షల డాలర్ల వరకు ఇవ్వొచ్చన్న పథకంలో మొదటి విడత ఈయనకు దక్కింది ఆ 990. మన దగ్గర ఇంటిగ్రేషన్ అనే ఈ కంపెనీ కాంట్రాక్టు పద్ధతిలో కోళ్లు పెంచేవాళ్లదీ ఇదే బతుకు. షెడ్డు మనది, కరెంటు బిల్లు మనది, కోడి మాత్రం మనది కాదు.

అదే ఏడాది తెనాలి దగ్గర మా నాన్నకూ ఇదే జరిగింది. సెంటు భూమి లేని బీసీ కౌలు రైతు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం రైతు భరోసా కింద 13,500 రూపాయలకు అర్హత ఉండేది, కానీ సాగు హక్కు పత్రం మీద భూమి యజమాని సంతకం కావాల్సి వచ్చింది. పెడితే పొలం మీద హక్కు అడుగుతారేమోనని ఆ యజమాని భయం. నాన్న మూడుసార్లు తిరిగి, నాలుగోసారి వెళ్లడం మానేశాడు. ఫోన్‌లో ఆ మాట చెప్పి, వెంటనే మినుము ధర గురించి మాట్లాడాడు.

ఏ దేశమైనా చేసే తప్పు ఇదే. వస్తువు ఎవరి పేరు మీద ఉందని అడుగుతారు, ఎవరి రాబడి పడిపోయిందని అడగరు. రెండోది కనుక్కోవడం కష్టమేమీ కాదు, లెక్క కాగితాలు రైతు దగ్గరే ఉంటాయి.

కాంట్రాక్టు పెంపకందార్లకూ ఇవ్వాలని డిసెంబరు 2020లో చట్టం చేశారు. విధివిధానాలు తేలేసరికి 2021 ఆగస్టు వచ్చింది. అంతకుముందు ఏళ్లతో పోల్చి, తగ్గిన ఆదాయంలో 80 శాతం దాకా ఇస్తామన్నారు. గడువు అక్టోబరు 12. పెద్దాయనకు నేనే ఫోన్ చేశాను. అప్పటికి రెండు షెడ్లు మూసేశాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి కాగితాలు బల్ల మీద పెట్టాడు. అదే క్లిప్పు, అవే పెన్సిలు గీతలు.