గేరు ఇండికేటర్ కాదు, మీ ఆర్‌సీలో సైడ్ కారు ఉందా అన్నదే అసలు ప్రశ్న

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో బండి వెనక సీటు ఎక్కలేదు. అందుకని రెండేళ్ల కిందట కొన్న 350 సీసీ మోటార్‌సైకిల్‌కు ఈ మధ్య సైడ్ కారు పెట్టించాను. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు ఏ గేరులో ఉన్నానో తెలియక ఇబ్బంది పడి, బయట మూడు వేలకు గేరు ఇండికేటర్ కొని మెకానిక్ చేత బిగించాను. తరవాత స్పీడోమీటర్ ఆగిపోయింది. పెట్రోలు ట్యాంకు అతుకు దగ్గర కారడం కూడా మొదలైంది. వైరు కోశారు కాబట్టి వారంటీ మొత్తం పోయిందని సర్వీసు కేంద్రం వారు అంటున్నారు. బయటి పరికరం బిగిస్తే ఐదు వేల జరిమానా, జైలు అని ఒకరు భయపెట్టారు. నిజమేనా?

జవాబు: ముందు జైలు భయం తీసేద్దాం. మిమ్మల్ని భయపెట్టినవారు చెప్పిన నిబంధన ఉన్నమాట నిజమే. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన సెక్షన్ 182ఎ(4) అది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. అయితే ఏది మార్పు అన్నది సెక్షన్ 52 చెబుతుంది. వాహన నిర్మాణాన్ని కదిపి దాని మౌలిక స్వరూపాన్ని మార్చేదే ఆ సెక్షన్ దృష్టిలో మార్పు. 2019 జనవరి 9న ఆర్టీవో వర్సెస్ కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు కఠినంగానే తీర్పు ఇచ్చింది. అక్కడ కూడా కోర్టు పట్టుకున్నది తయారీదారు నిర్దేశించి, ఆర్‌సీలో నమోదైన వివరాలనే. మీ ఆర్‌సీ తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, బాడీ రకం, సీట్ల సంఖ్య, ఖాళీ బరువు, రంగు ఉంటాయి. హ్యాండిల్ మీద అంకె చూపించే చిన్న పెట్టె వీటిలో దేన్నీ మార్చదు. దాన్ని సెక్షన్ 52 కిందకు లాగడం కుదరదని నా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త: ఆ అంకె ఎర్రగా వెలిగేదైతే ఆ వెలుగు బండి ముందువైపు కనిపించకూడదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 108వ నియమం అందుకు ఒప్పుకోదు.

ఇప్పుడు మీరు అడగని సంగతికి వస్తాను, నాకు ఆందోళన కలిగించింది అదే. సైడ్ కారును ఆర్‌సీలో ఎక్కించారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. సెక్షన్ 2(27) ప్రకారం విడదీయగల సైడ్ కారు, దాని అదనపు చక్రంతో సహా మోటార్‌సైకిల్ నిర్వచనంలోనే ఉంది. కాబట్టి మూడో చక్రం వచ్చినంత మాత్రాన మీ బండి ఆటో కాదు, మీకు వేరే లైసెన్సు అక్కరలేదు. కానీ ఆర్‌సీ నమోదుల్లో సైడ్ కారు ఉన్న మోటార్‌సైకిల్‌ది వేరే తరగతి. బాడీ రకం, సీట్ల సంఖ్య, ఖాళీ బరువు మూడూ మారాయి. ఇది సెక్షన్ 52 పరిధిలోని మార్పే. నమోదు చేసే అధికారి అనుమతి ముందుగా తీసుకోవాలి. తీసుకోకుండా చేసి ఉంటే పద్నాలుగు రోజుల్లో తెలియజేసి ఆర్‌సీ సమర్పించాలి. గడువు దాటినా మీరుగా వెళ్లి చెప్పుకోవడం, ఎవరో పట్టుకున్నాక చెప్పుకోవడం ఒకటి కాదు. సైడ్ కారు కొన్న బిల్లు తీసుకుని వెళ్లండి. తిరస్కరిస్తే కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు అడగండి. దానిపై ముప్ఫై రోజుల్లో సెక్షన్ 57 కింద అప్పీలు చేసుకోవచ్చు.

వారంటీ విషయంలో సర్వీసు కేంద్రం వారు సగం సరైన మాట, సగం తప్పు మాట చెబుతున్నారు. ఇలాంటి ఇండికేటర్లలో చాలావరకు స్పీడ్ సెన్సర్ వైరు నుంచి వేగాన్ని, ఇగ్నిషన్ వైపు నుంచి ఇంజిన్ తిరిగే వేగాన్ని తీసుకుని, రెండింటి నిష్పత్తిని బట్టి గేరు లెక్కిస్తాయి. మీ మెకానిక్ కోసింది సెన్సర్ వైరే అయితే స్పీడోమీటర్ ఆగిపోవడానికి కారణం అదేనని వారు అనడంలో న్యాయం ఉంది. ఆ ఖర్చు మీరు భరించాల్సి రావచ్చు. ముందు ఫోర్కు సీలు పోయినా, సైడ్ కారు పక్కకు లాగడం వల్లేనని వాదిస్తారు. అదీ కొట్టిపారేయలేని వాదన. ట్యాంకు అతుకు కారడానికీ, కోసిన వైరుకూ మాత్రం ఏం సంబంధం? సంబంధం ఉందంటే ఆ సంగతి కాగితం మీద చూపమనండి. “వారంటీ నిరాకరణ, కారణం” అని సర్వీసు కేంద్రం ఇచ్చే జాబ్ కార్డు మీద రాయించుకోండి. నోటిమాటకు వినియోగదారుల కమిషన్ ముందు విలువ తక్కువ.

రాసి ఇవ్వకపోతే ఇ-మెయిల్ పంపి, వారం ఆగి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. ఆ తరవాత విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీరు నివసించే చోటే కేసు వేసే హక్కు ఇచ్చింది, చెల్లించిన విలువ ఐదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. గడువు రెండేళ్లు. లోపం తేల్చడానికి పరీక్ష అవసరమైతే సెక్షన్ 38 కింద కమిషనే ప్రయోగశాలకు పంపగలదు. అందుకే ఇండికేటర్ పీకేసి అతుకులు కప్పిపుచ్చే పని చేయకండి. ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీసి, బిల్లులు దాచండి.

బీమా పాలసీ కూడా ఒకసారి తెరవండి. విలువల పట్టికలో “సైడ్ కారు” అనే గడి, ఎలక్ట్రికల్ పరికరాలు అనే గడి ఉంటాయి. రెండూ ఖాళీగా ఉంటే వెంటనే కంపెనీకి తెలియజేయండి. పాత టారిఫ్ లెక్కలో ఎలక్ట్రికల్ పరికరాల విలువ మీద అదనపు ప్రీమియం నాలుగు శాతం. అంటే మూడు వేల ఇండికేటర్‌కు ఏటా రూ.120. షార్ట్ సర్క్యూట్‌తో బండి తగలబడితే, ఎవరికీ చెప్పకుండా బిగించిన అతుకు వైరు మీద నష్టం అంచనా వేసే బీమా సర్వేయరు ముందుగా వేలు పెడతాడు. అందుకని ఫ్యూజు పెట్టించి, అతుకులు సరిగా వేయించి, ఆ పని బిల్లు ఉంచుకోండి.

మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమేనా? అది వెనక సీటులో కూర్చున్నవారికి వర్తించదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సైడ్ కారులో కూర్చునే మీ అమ్మగారి విషయంలోనూ బీమా కంపెనీ అదే వాదన తెస్తుంది. ఆర్‌సీలో సీటు నమోదై, సమగ్ర పాలసీలో సైడ్ కారు చేరేదాకా దాన్ని విప్పి ఇంట్లో ఉంచండి. అప్పటిదాకా అమ్మగారిని కొండకు కారులోనో, దేవస్థానం బస్సులోనో తీసుకువెళ్లండి.