చుట్టాలు వెళ్లిపోయాక వినే పాట

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పల్లవి, రెండు చరణాలు చదివాను. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు ఊరటనిచ్చే పాట రాయాలన్న నీ కోరిక మంచిది. మాట మీద నీకు పట్టుంది, అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకో. ఈ పాటను ఎవరు, ఎప్పుడు వింటారు? మనిషి పోయిన రోజున ఆ ఇంట్లో పాటలు వినరు, టీవీ కూడా పెట్టరు. పెద్దకర్మ దాకా ఇంటినిండా జనం, వంటలు, లెక్కలు, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. పాటతో పనిపడేది ఆ తర్వాత. చుట్టాలంతా బస్సెక్కి, షామియానా విప్పేసి, సెలవులు అయిపోయి మళ్లీ ఆఫీసుకు బయల్దేరాల్సిన రోజుల్లో. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటారు. నీ చరణాల్లో ఆసుపత్రి ఉంది, పాడె ఉంది, చితి ఉంది. అవన్నీ వాళ్లు కళ్లారా చూసి వచ్చినవే, నువ్వు మళ్లీ చూపించనక్కర్లేదు. నీ పాట నడవాల్సింది ఆ ఖాళీ ఇంట్లో, మామూలు రోజున.

రెండోది నీ క్రియల గురించి. పల్లవిలో నాలుగు పాదాలుంటే నాలుగూ ఆజ్ఞలే: కన్నీరు తుడుచుకో, గతాన్ని మరిచిపో, ధైర్యం తెచ్చుకో, ముందుకు సాగిపో. పది రోజులుగా ఆ ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చెప్పి వెళ్లినవి ఇవే మాటలు. దుఃఖంలో ఉన్న మనిషికి ఇవి ఊరటగా వినపడవు, ‘నీ ఏడుపు చాలించు’ అన్నట్టు వినపడతాయి. పాటలో ఉన్న ‘-కో’, ‘-పో’, ‘-కు’లన్నీ ఎర్రసిరాతో చుట్టి చూడు, ఎన్ని ఉన్నాయో నీకే తెలుస్తుంది. ఆజ్ఞ తీసేస్తే ఏం మిగలాలంటే, పక్కన కూర్చున్న మనిషి. ఇలా:

మాట రాదు నాకు కూడ పక్కనుండిపోనా

ఇందులో సలహా లేదు. ఓదార్చేవాడి దగ్గర కూడా మాటల్లేవని ఒప్పుకోలు, ఆపైన ఒక అడగడం. విన్నవాళ్లు ఏడవాలనుకుంటే ఏడవచ్చు, పాట వాళ్లకు అడ్డురాదు.

ఇక పదాలు. ‘తిరిగిరాని లోకాలకు’, ‘అనంతలోకాలు’, ‘అశ్రునివాళి’, ‘నీ జ్ఞాపకాలే మాకు తోడు’... ఇవి వర్ధంతి ఫ్లెక్సీల మీద అచ్చయ్యీ అచ్చయ్యీ అరిగిపోయాయి. చదివేవాళ్ల చూపు వాటి మీద ఆగదు. వాటి స్థానంలో పెట్టాల్సింది కొత్త ఉపమానమనుకోకు. ఇంట్లో రోజూ జరిగే ఒక పని, ఇవాళ జరగకుండా ఆగిపోయిన పని పెట్టు. నీ మొదటి చరణంలో ‘నీవు లేని ఇల్లు శూన్యం’ అన్నచోట నేనైతే ఇలా ప్రయత్నిస్తాను:

కూర దించి పిలవబోయి ఆగిపోయె గొంతు
ఉప్పు సరిగ ఉందొ లేదొ ఎవరు చెప్పగలరు

మాత్రలు కట్టి చూడు. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. కూర, దించి, పిలవ, బోయి, ఆగి, పోయె, గొంతు: ఏడు గణాలు, అన్నీ మూడేసి మాత్రలు. రెండో పాదం కూడా అంతే: ఉప్పు, సరిగ, ఉందొ, లేదొ, ఎవరు, చెప్ప, గలరు. పాదానికి మొత్తం ఇరవై ఒక్క మాత్రలు. ట్యూన్‌లో పాదానికి ఎనిమిది బీట్లు, అంటే ఇరవై నాలుగు మాత్రల చోటుంది. ఆఖరి మూడూ ఖాళీ. ఆ ఖాళీని మాటతో నింపకు. గాయని ఊపిరి తీసుకునేదీ, విన్నవాళ్లకు తమ ఇంటి మనిషి గుర్తొచ్చేదీ అక్కడే. ‘లేదో’ను ‘లేదొ’ అని కుదించడం పాటలో చెల్లుతుంది. కానీ మాత్ర సరిపోవడం కోసం ‘అయ్యో’, ‘ఓ’, ‘మరి’ లాంటివి ఇరికించకు. ఆ నింపుడు మాట మీదే గొంతు సాగాల్సి వస్తుంది, చెవికి వెంటనే తెలిసిపోతుంది.

ఇదే వస్తువును రెండో చరణంలో మళ్లీ తీసుకో, ఈసారి వేరే వెలుగులో:

ఉప్పు కాస్త ఎక్కువైన నవ్వుతావు నువ్వు

ఊరట అంటే ఇంతే చాలు. ‘అంతా మంచికే’ అననక్కర్లేదు. మొదటి చరణంలో లోటుగా కనిపించినదే రెండో చరణంలో ఆ మనిషి స్వభావంగా కనిపిస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, ఓదార్పును మొదటి చరణంలోనే తెచ్చేస్తారు. బాధను పూర్తిగా చెప్పనివ్వకుండా వచ్చిన ఓదార్పు తొందరపాటుగా ఉంటుంది. రెండో చరణానికి చెప్పేందుకు ఏమీ మిగలక మొదటిదే వేరే ప్రాసతో తిరిగొస్తుంది. నీ డ్రాఫ్టులో జరిగింది సరిగ్గా అదే.

‘నవ్వుతావు’ అన్న రూపం ఎందుకు వాడానో చూడు. తెలుగులో ప్రథమ పురుషలో రాస్తే లింగం బయటపడుతుంది: నవ్వుతాడు, నవ్వుతుంది. ‘నువ్వు’ అని పిలిచినా, గతంలోకి వెళ్లి ‘నవ్వేవాడివి’, ‘నవ్వేదానివి’ అన్నామో, అక్కడా తేలిపోతుంది. నాన్న కోసం వింటున్న కూతురు, భార్య కోసం వింటున్న భర్త, ఇద్దరిలో ఒకరు ఆ క్షణంలో పాట బయట నిలబడాల్సి వస్తుంది. ‘నవ్వుతావు’ అంటే ఎవరికైనా సరిపోతుంది. పైగా పోయిన మనిషి గురించి వర్తమానంలో మాట్లాడటం దుఃఖంలో ఉన్నవాళ్ల సహజమైన అలవాటు. ‘నాన్నకు వంకాయంటే ఇష్టం’ అంటారు, ‘ఇష్టంగా ఉండేది’ అనడానికి చాలా కాలం పడుతుంది. పాట వాళ్ల వ్యాకరణంలోనే ఉండనీ.

పాటలో మాట్లాడేది ఎవరో కూడా స్థిరం చేసుకో. మూడు దారులున్నాయి. మిగిలినవాళ్లు పోయినవాళ్లతో మాట్లాడొచ్చు. స్నేహితుడు మిగిలినవాళ్లతో మాట్లాడొచ్చు. పోయిన మనిషే మాట్లాడొచ్చు. మొదటి దారికి గొప్ప ఉదాహరణ ఇంగ్లండ్ గిటారిస్టు, గాయకుడు ఎరిక్ క్లాప్టన్ పాట ‘టియర్స్ ఇన్ హెవెన్’. ఆయన నాలుగేళ్ల కొడుకు 1991 మార్చి 20న న్యూయార్క్‌లో ఎత్తైన భవనం మీంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత గీత రచయిత విల్ జెన్నింగ్స్‌తో కలిసి రాసిన ఈ పాట 1993లో మూడు గ్రామీ అవార్డులు తెచ్చుకుంది. తండ్రి కొడుకును ప్రశ్నలు అడుగుతాడు, వాటికి జవాబు ఎక్కడా చెప్పడు. అంత దుఃఖం ఉన్నా పాట విషాదంగా వినిపించే మైనర్ స్కేల్లో లేదు, ‘A’ మేజర్ స్కేల్లో ఉంది. మధ్యలో బ్రిడ్జ్, అంటే చరణాలను కలిపే వేరే ట్యూన్ భాగం మాత్రం శ్రుతి మారి ‘C’ మేజర్‌కు వెళ్లి వెనక్కొస్తుంది. ఒకసారి గిటార్ పట్టుకుని విను, చాలా నేర్చుకుంటావు.

మూడో దారి ప్రమాదకరం. కానీ అదీ సాధ్యమే. అమెరికాలో క్లేర్ హార్నర్ రాసిన చిన్న కవిత 1934 డిసెంబరులో ‘ద జిప్సీ’ పత్రికలో వచ్చింది. చనిపోయిన మనిషి తన సమాధి దగ్గర నిలబడ్డవాళ్లతో మాట్లాడే కవిత. దాన్ని జపాన్‌లో అరాయ్ మాన్ జపనీస్‌లోకి తెచ్చి స్వరం కట్టాడు. అకికావా మసాఫుమి అనే టెనర్ గాయకుడు 2006 డిసెంబరు 31న ఎన్‌హెచ్‌కే టీవీలో పాడితే, మరుసటి నెలలో ఆ పాట ఒరికాన్ అనే జపాన్ పాటల అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అందులో ఏడవొద్దన్న మాట ఉంది. అక్కడ అది చెల్లింది, ఎందుకంటే ఆ మాట అన్నది పోయిన మనిషి. అదే మాట పక్కింటివాళ్లంటే చెల్లదు. నీ పాటకు నేను సూచించేది మొదటి రెండు దారుల కలయిక: పల్లవి స్నేహితుడిది, చరణాలు మిగిలినవాళ్లవి. అయితే గొంతు మారేది పల్లవికీ చరణానికీ మధ్యనే. ఒకే చరణం లోపల ‘నువ్వు’ ఒకసారి పోయినవాళ్లూ, ఒకసారి ఉన్నవాళ్లూ అయితే వినేవాళ్లు తికమకపడతారు.

ఇంకో సంగతి. స్వర్గం, పునర్జన్మ, ఆత్మ, ప్రభువు సన్నిధి లాంటి మాటలు ఈ పాటలో వద్దు. పెద్దకర్మ చేసే ఇంట్లోనూ, ఆదరణ కూడిక పెట్టుకునే ఇంట్లోనూ, నలభయ్యో రోజున చెహ్లుం చేసే ఇంట్లోనూ ఇదే పాట వినపడాలంటే ఆ విశ్వాసపు భాగాన్ని వాళ్లకే వదిలెయ్.

అక్షరాల ధ్వని గురించి నీకెవరూ చెప్పినట్టు లేదు. నిదానపు పాటలో పాదం చివరి అచ్చు సాగుతుంది. ఆ, ఏ, ఓ సాగితే గొంతు తెరుచుకుంటుంది. ‘ఇ’, ‘ఉ’ సాగితే బిగుసుకుంటుంది, పై స్థాయిలో మరీ కష్టం. మన క్రియలు ఎక్కువగా ‘ను, రు, డు, ది’తోనే ముగుస్తాయి కాబట్టి ఈ ఇబ్బంది తరచూ ఎదురవుతుంది. ‘పక్కనుండిపోనా’ అని ముగించింది అందుకే. ఆ ‘నా’ ఎనిమిదో బీటు నిండా సాగుతుంది. చరణంలో ‘గొంతు’, ‘గలరు’ అని ముగించాను కదా అంటావేమో. అక్కడ స్వరం కింద ఉంటుంది, మాట్లాడినట్టు తెంచేస్తే సరిపోతుంది. ‘ఉప్పు’, ‘చెప్ప’ లాంటి ద్విత్వాలకూ అదే నియమం: కింది స్వరాల్లో సరే, పల్లవి సాగే చోట్ల వద్దు. ‘దుఃఖం’ అన్న మాటను పాటలోంచే తీసెయ్. విసర్గ దగ్గర ఊపిరి తెగుతుంది, ఆ మాట చెప్పకపోయినా సంగతి తెలుస్తూనే ఉంటుంది.

ట్యూన్ కట్టే అబ్బాయితో మాట్లాడేటప్పుడు ఇవి చెప్పు. నడక త్రిశ్రం, అంటే బీటుకు మూడు మాత్రలు; స్టూడియోలో సిక్స్ ఎయిట్ అంటారు. ఊయల ఊపుకు సరిపోయే నడక. వేగం నిమిషానికి 72 బీట్లు పెట్టమను, పాదం ఏడు సెకన్ల లోపు పూర్తవుతుంది. 60కి దించితే పాదం ఎనిమిది సెకన్లవుతుంది, మామూలు గొంతులకు ఊపిరి చాలదు. 90 దాటితే అదే నడక చిందుగా మారిపోతుంది. పల్లవి షడ్జం (స) నుంచి పంచమం (ప) లోపలే ఉండాలి, ఏడ్చి బొంగురుపోయిన గొంతు కూడా అందుకోగలగాలి. తారషడ్జం (పై స) చరణంలో ఒక్కసారి తాకితే చాలు.

రాగం అనగానే అందరూ శివరంజని అంటారు. తప్పు లేదు, కానీ పాటంతా అందులోనే ఉంటే వినేవాళ్లను కిందికి లాగుతుంది. శివరంజనికీ మోహనకూ తేడా ఒక్క గాంధారమే (గ స్వరం): అక్కడ సాధారణ గాంధారం, ఇక్కడ అంతర గాంధారం. మొదటి చరణం శివరంజనిలో నడిపి, రెండో చరణంలో ‘నవ్వుతావు నువ్వు’ దగ్గర అంతర గాంధారం వేయమను. వినేవాళ్లకు పేరు తెలియకపోయినా ఏదో తేలికపడ్డట్టు తెలుస్తుంది. ఆ మార్పు ఆ ఒక్క పాదానికే. ముందే వాడేస్తే అక్కడ పని చేయదు.

మొత్తం నిడివి మూడు నిమిషాల నలభై సెకన్లు దాటనివ్వకు. మొదటి పల్లవికి నైలాన్ తీగల గిటార్ ఒక్కటి చాలు. వయొలిన్లు రెండో చరణంలో రావాలి, అదీ పలచగా. ఆఖరి పల్లవికి డ్రమ్స్ వేసి, కోరస్ చేర్చి పెద్దది చేద్దామంటారు, తప్పకుండా అంటారు. ఒప్పుకోవద్దు. అర్ధరాత్రి ఫోన్ స్పీకర్లో వినే మనిషికి ఉన్నట్టుండి శబ్దం పెరిగితే ఉలిక్కిపడి ఆపేస్తారు. రివర్బ్, అంటే గొంతుకు కలిపే ప్రతిధ్వని కూడా తగ్గించమను. ఎక్కువైతే హల్లులు కరిగిపోయి మాట తెలియదు, గొంతు దూరంగా గుళ్లో వినపడ్డట్టు ఉంటుంది. ఈ పాటకు గొంతు పక్కనే ఉండాలి. మిక్స్ అయ్యాక పెద్ద స్పీకర్ల మీద విని సంతోషపడకండి, మామూలు ఫోన్లో తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, సాహిత్యం తెలియని మనిషికి వినిపించండి. వాళ్లు ఏ మాట తప్పుగా విన్నారో రాసుకుని ఆ మాట మార్చు.

ఎవరైనా కుటుంబం వాళ్లు తమ మనిషి కోసం పాట రాసిపెట్టమంటే కాస్త వేరుగా పనిచెయ్యాలి. వాళ్లను గొప్పతనాలు అడగకు. ఇంట్లో ఏమని పిలిచేవాళ్లు, పొద్దున లేవగానే ఏం చేసేవాళ్లు, ఏ మాట ఊతపదంగా అనేవాళ్లు, ఈ మూడే అడుగు. జబ్బు గురించి, చివరి రోజుల గురించి వాళ్లంతట వాళ్లు చెబితే విను, పాటలో మాత్రం వాళ్లను అడగకుండా పెట్టకు. పసిబిడ్డను పోగొట్టుకున్నవాళ్లయితే ‘నవ్వుతావు’ లాంటి వర్తమానం కూడా భారమవుతుంది. రాసింది ముందు ఇంటివాళ్లలో ఒక్కరికే చదివి వినిపించి, వాళ్లు సరేనన్నాకే ట్యూన్‌కు ఇవ్వు.

ఇప్పుడు చేయాల్సిన పని: ట్యూన్ పక్కన పెట్టు. రెండో చరణం మళ్లీ రాయి, ఆరు పాదాలు చాలు, ఒకే వస్తువు మీద. ఉప్పు నాది, నీకు నీ ఇంట్లోంచే ఇంకోటి దొరుకుతుంది. ప్రతి పాదం కింద మాత్రలు గుర్తుపెట్టి, పైకి చదివి ఫోన్లో రికార్డు చేసి, కాగితంతో పాటు అదీ పంపు. వచ్చే ఆదివారం లోపు అందితే నిదానంగా కూర్చుని చూస్తాను.

శుభాకాంక్షలతో,
నీ పెదనాన్న వంటివాణ్ని