నడుము నొప్పికి సైకిల్ అమ్మక్కర్లేదు

బిడ్డా,

రామప్ప దాకా తొక్కి వచ్చాక రెండు రోజులు మంచం దిగలేదని, ఆ ఎమ్‌టీబీ, అదే గుట్టలెక్కే మౌంటెన్ బైక్, ఇక అమ్మేస్తానంటున్నావని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. అమ్మకానికి పెట్టే ముందు ఇది చదువు. హనుమకొండ నుంచి రామప్పకు ఒక్కవైపే 60 కిలోమీటర్లు దాటుతుంది. ఆదివారం పూట ధర్మసాగర్ దాకా పోయి ఇడ్లీ తిని వచ్చే మనిషి ఒక్కసారే అంత దూరం పెట్టుకుంటే ఎవరి నడుమైనా మొరాయిస్తుంది. అయినా నీ విషయంలో దూరం ఒక్కటే కారణం కాదు. పండక్కి వచ్చినప్పుడు నీ బండి చూశాను. కొన్న రోజు షాపులో ఎక్కడ బిగించారో సీటు ఇప్పటికీ అక్కడే ఉంది.

ముందు ఒక్క సంగతి తేల్చుకో. నొప్పి నడుములోనే ఉందా, పిర్ర మీదుగా కాల్లోకి దిగుతోందా? కాలు మొద్దుబారినా, పాదంలో పట్టు తప్పినా, కింద పడ్డాక నొప్పి మొదలైనా డాక్టర్‌కు చూపించుకో. సైకిల్ దిగాక కూడా తొడల మధ్య తిమ్మిరి పోకపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా తెల్లారే దాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. ఇవేవీ లేకుండా, తొక్కినప్పుడు పట్టేసి నాలుగు రోజుల్లో సర్దుకునే నొప్పి అయితే మనం చేసుకోగలిగింది చాలా ఉంది. అలాంటి నొప్పికి మంచం పట్టడం మంచిది కాదు, ఇంట్లో వాకిట్లో మెల్లగా తిరుగుతూనే ఉండు.

ఇక సీటు. తొక్కేటప్పుడు వేసుకునే బూట్లే వేసుకుని, గోడ పట్టుకుని బండి ఎక్కి కూర్చో. పెడల్‌ను అడుగుకు తిప్పి దాని మీద మడమ ఆనించు. కాలు నిటారుగా చాపుకోవాలి, అలాగని పిర్ర ఆ పక్కకు ఒరగకూడదు. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మనకు కావాల్సిన ఎత్తు అదే. ఇప్పుడు మీ అమ్మను వెనక నిలబడి చూడమని వీధిలో ఒక చుట్టు తొక్కు. సీటు ఎత్తుగా ఉంటే కింది పెడల్ అందుకోవడానికి ప్రతి తొక్కుకూ తుంటి అటూ ఇటూ ఊగుతుంది. నిమిషానికి 70 చుట్లు తొక్కేవాళ్లకు గంటకు 4,200 చుట్లు. అన్నిసార్లు పక్కకు లాగితే నడుము ఏమవుతుందో నువ్వే లెక్క వేసుకో. ఊగుతోందని మీ అమ్మ అంటే 3, 4 మిల్లీమీటర్లు దించి మళ్లీ చూపించు. సరిపోయిన చోట సీటు రాడ్డు మీద మార్కర్‌తో గీత పెట్టుకో.

ఎత్తు సరిచేసిన వాళ్లు కూడా సీటు ముక్కు సంగతి పట్టించుకోరు. నీది పైకి లేచి ఉంది. ముక్కు లేచిన సీటు మీద కూర్చుంటే తుంటి వెనక్కి తిరిగి, నడుము కింది భాగం గూనిలా వంగిపోతుంది. సీటు మీద పొడవాటి పుస్తకం పెట్టి, దాని మీద ఫోన్ పెట్టి లెవెల్ చూడు. సమంగా ఉంచు, గుట్టలు ఎక్కేదుంటే 1, 2 డిగ్రీలు ముందుకు వాల్చు. అంతకు మించి వాలిస్తే ముందుకు జారి బరువంతా అరచేతుల మీద పడుతుంది.

హ్యాండిల్ అందక మోచేతులు కర్రల్లా బిగుసుకుంటున్నాయా? అప్పుడు సీటును ముందుకు జరిపేస్తారు చాలామంది. సీటు స్థానం కాళ్లను బట్టి ఉండాలి, చేతులను బట్టి కాదు. అలాంటప్పుడు హ్యాండిల్‌ను బండికి కలిపే ముక్క, అదే స్టెమ్, పొట్టిది వేయించుకో.

బండి కుదిరాక కూర్చునే తీరు చూసుకోవాలి. వంగాల్సింది తుంటి దగ్గర, నడుము దగ్గర కాదు. గోడ వైపు వీపు తిప్పి, గోడకు ఒక అడుగు దూరంలో నిలబడు. మోకాళ్లు కొంచెం సడలించి, వీపు వంచకుండా, పిర్రలు గోడకు తగిలేలా వెనక్కి నెట్టు. అప్పుడు తొడల వెనక లాగినట్టు ఉంటుంది చూడు, బండి మీద కూడా అలాగే వంగాలి. ఇనుపరాతి గుట్టల వైపు రాళ్ల బాటలో సీటు మీద కూర్చోకు. రెండు పెడళ్లూ నేలకు సమాంతరంగా పెట్టి, మోకాళ్లు, మోచేతులు వంచి లేచి నిలబడు. అప్పుడు కుదుపు కాళ్లలోనే ఆగిపోతుంది. కూర్చున్నావంటే నేరుగా వెన్నుకే తగులుతుంది. ముందు చక్రం దగ్గర కుదుపు మింగే ఫోర్కును తారు రోడ్డు మీద కదలకుండా లాక్ చేసి, మొరం బాట ఎక్కాక తీయడం మరిచిపోయేవాళ్లను చూస్తూనే ఉంటాను. టైర్లు రాయిలా కొట్టించుకోకు. నీ బరువుకు, ఆ లావు టైర్లకు మట్టి దారిలో గాలి 30 పీఎస్‌ఐ అటూ ఇటూగా చాలు.

ఎక్కుడు వస్తోందంటే ముందే గేర్ తగ్గించు. పెద్ద గేర్‌తో పంతానికి తొక్కితే తొడల బలం చాలక నడుముతో లాగుతావు. కుర్రాళ్లు నవ్వితే నవ్వనీ.

ఆ వీపు సంచి మాటేమిటి? 3 లీటర్ల నీళ్లంటేనే 3 కిలోలు, పైన పంపు, ట్యూబు, పవర్ బ్యాంకు. ఆ బరువంతా వంగిన నడుము మీదే. మన ఎండలకు నీళ్లు తగ్గించమని చెప్పను. సీసాలు ఫ్రేముకు తగిలించు, సామాను సీటు కింది సంచిలో పెట్టు, దారిలో ఊళ్లలో నీళ్లు నింపుకో.

నువ్వు రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషివి. తుంటి ముందు కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. ఒక మోకాలు నేల మీద ఆనించి, రెండో కాలు ముందుకు పెట్టి తుంటిని మెల్లగా ముందుకు నెట్టు, అరనిమిషం ఉంచి కాళ్లు మార్చు. మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా ఆపే ప్లాంక్, వెల్లకిలా పడుకుని పిర్రలు పైకెత్తే బ్రిడ్జ్, ఈ రెండూ వారానికి మూడు రోజులు చేసినా చాలు. నొప్పి మాత్ర వేసుకుని బండెక్కే అలవాటు మాత్రం చేసుకోకు, నొప్పి తెలియక ఇంకా ఎక్కువ తొక్కేస్తావు.

నొప్పి పూర్తిగా పోయాక ధర్మసాగర్ దాకానే పోయి రా. అరగంటకోసారి దిగి నడుము చాపుకో. ఆ తర్వాత వారానికి కొంచెం కొంచెం పెంచు, పాకాల చెరువు మాట అప్పుడు చూద్దాం. సీటు సర్దడానికి 5, 6 నంబర్ అలెన్ కీలు సరిపోతాయి. బోల్టు నువ్వే బిగించుకో, మీ బాపుకు మాత్రం ఇవ్వకు, వాడి బలానికి మరలు తెగిపోతాయి.

మీ పెద్దబాపు