ఆ ‘ఫార్మాట్’ బటన్ నొక్కకండి

ప్రశ్న: మా అబ్బాయి పాత కంప్యూటర్‌ని ఇంటికి సర్వర్‌గా చేసి పెట్టాడు. 120 జీబీ ఎస్‌ఎస్‌డీలో ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. యూఎస్‌బీకి తగిలించిన 4 టీబీ హార్డ్‌డిస్క్‌లో ‘ఫొటోలు’ అనే షేర్డ్ ఫోల్డర్ ఉంది. మొన్న కరెంటు పోయింది. సర్వర్ యూపీఎస్ మీద ఉంది, డిస్క్ అడాప్టర్ మాత్రం గోడ ప్లగ్‌లో ఉంది. ఫోల్డర్ తెరుచుకోకపోతే రీస్టార్ట్ చేశాం. అప్పట్నుంచి అందులో పాతవేవీ లేవు, ఫోన్ల నుంచి కొత్తగా వెళ్లినవే ఉన్నాయి. ఇప్పుడేమో స్థలం లేదంటోంది, డ్రైవ్ సైజు 109 జీబీ అని చూపిస్తోంది. డిస్క్‌ని విండోస్ ల్యాప్‌టాప్‌కి పెడితే ఫార్మాట్ చేయమంది, రిపేరు షాపులోనూ అదే మాటన్నారు. మనవరాలి బారసాల వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. అబ్బాయి ఫోన్లో చెబితే నేను టైప్ చేయగలను. 
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ డిస్క్‌ని ఎవరితోనూ ఫార్మాట్ చేయించకండి. ఉబుంటులో మామూలుగా డిస్క్‌ని ఈఎక్స్‌టీ4 పద్ధతిలో సిద్ధం చేస్తారు. విండోస్ దాన్ని తనంతట తాను చదవలేదు. చదవలేని డిస్క్‌ని ఫార్మాట్ చేయమని అడగడం దానికి మామూలే. అంతమాత్రాన డిస్క్ పాడైనట్టు కాదు.

మీరు రాసిన 109 జీబీ దగ్గరే విషయం తెలిసిపోతోంది. 4 టీబీ డిస్క్ అంత చిన్నదిగా కనిపించదు. అది ఎస్‌ఎస్‌డీ సైజు. లినక్స్‌లో డిస్క్‌ని ఒక ఖాళీ ఫోల్డర్ మీదకు తెచ్చి పెడతారు, దాన్నే మౌంట్ చేయడం అంటారు. డిస్క్ మౌంట్ కాకపోయినా ఆ ఖాళీ ఫోల్డర్ అలాగే ఉంటుంది. ఫోల్డర్‌ని ఇంట్లో అందరికీ పంచే సాంబా దాని వెనక ఏ డిస్క్ ఉందో చూడదు. అందుకే ఫోన్లు పంపిన ఫొటోలన్నీ ఎస్‌ఎస్‌డీలోకి వెళ్లి అది నిండిపోయింది.

ముందు ఫోన్లలో ఆటో అప్‌లోడ్ ఆపేయండి. డిస్క్‌ని మళ్లీ సర్వర్‌కి తగిలించి, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ (lsblk) అని కొట్టండి. 3.6టీ అని ఒక వరుస కనిపించాలి (4 టీబీని ఈ కమాండ్ అలాగే లెక్కిస్తుంది, మీ స్థలం ఎక్కడికీ పోలేదు). 3.6టీ ఉన్న ఏ వరుస చివరా ఫోల్డర్ పేరు లేకపోతే డిస్క్ ఉంది, మౌంట్ కాలేదంతే. అసలు ఆ వరుసే లేకపోతే కేబుల్, అడాప్టర్ మార్చి చూడండి. డిస్క్ టిక్కు టిక్కుమంటుంటే వెంటనే తీసేయండి, అది డేటా రికవరీ వాళ్లు చూడాల్సిన పని.

ఇక్కడ చాలామంది తొందరపడి వెంటనే మౌంట్ చేసేస్తారు. అలా చేస్తే కొత్త ఫొటోలు డిస్క్ కింద దాక్కుంటాయి. కనిపించవు, ఎస్‌ఎస్‌డీలో చోటు మాత్రం ఆక్రమిస్తూనే ఉంటాయి. కాబట్టి సాంబాని ఆపి, ఇప్పుడున్న ఫోల్డర్ పేరు ‘కొత్తఫొటోలు’ అని మార్చి, పాత పేరుతో ఖాళీ ఫోల్డర్ ఇంకోటి చేయించండి. ఎస్‌ఎస్‌డీ నిండినా పేరు మార్చడానికి ఇబ్బంది ఉండదు.

కరెంటు పోయిన డిస్క్ కాబట్టి మౌంట్ చేసే ముందు ‘ఈ2ఎఫ్‌ఎస్‌సీకే’ (e2fsck) అనే కమాండ్‌తో తనిఖీ అవసరం. మొదటిసారి ‘మైనస్ ఎన్’ కలపమనండి, అప్పుడది చూసి చెబుతుందే తప్ప ఏమీ మార్చదు. తప్పులు కుప్పలుగా చూపిస్తే అక్కడే ఆగి అబ్బాయికి స్క్రీన్ ఫొటో పంపండి.

తర్వాత అబ్బాయి ‘ఎఫ్‌స్టాబ్’ ఫైల్ చూడాలి, ఏ డిస్క్‌ని ఏ ఫోల్డర్ మీద మౌంట్ చేయాలో రాసి ఉండేది అందులోనే. అందులో డిస్క్‌ని ఎస్‌డీబీ1 లాంటి పేరుతో రాసి ఉంటే, ఇంకో పెన్‌డ్రైవ్ పెట్టిన రోజు ఆ పేరు మారిపోవచ్చు. ‘బీఎల్‌కేఐడీ’ అనే కమాండ్ చూపించే యూయూఐడీ (డిస్క్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాస్తే ఆ గొడవ ఉండదు. ‘నోఫెయిల్’ అనే మాట కూడా ఉండే ఉంటుంది. డిస్క్ లేకున్నా సర్వర్ ఆగకుండా లేచేది దానివల్లే, దాన్ని ఉంచేయండి.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పే మార్పు ఒకటుంది. డిస్క్ మౌంట్ అయ్యాక దాని లోపల ‘డేటా’ అని ఒక ఫోల్డర్ చేసి, ఫొటోలన్నీ అందులోకి జరిపి, సాంబా సెట్టింగ్‌లో ఆ లోపలి ఫోల్డర్‌నే షేర్ చేయమనండి. రేపు డిస్క్ మౌంట్ కాకపోతే ‘డేటా’ కూడా ఉండదు, షేర్ తెరుచుకోదు. ఫోన్లో ఎర్రర్ వస్తుంది, మీకు ఆ రోజే తెలుస్తుంది. ఫొటోలు వేరే చోట చేరడం కన్నా ఆ ఎర్రరే నయం.

డిస్క్ అడాప్టర్‌ని కూడా యూపీఎస్‌కే పెట్టండి. ‘కొత్తఫొటోలు’లో ఉన్నవి డిస్క్‌లోకి కాపీ చేసి, పది పదిహేను తెరిచి చూసి, రెండు వైపులా ఫైళ్ల సంఖ్య ఒకటేనని తేలాకే ఎస్‌ఎస్‌డీలోంచి తీసేయండి.