ఆరోగ్య శాఖ నైపుణ్యం వేరే దేశాలకు ఎలా చేరుతుంది? హైదరాబాద్‌లో నేను చూసినంత మేర

"మన ఆరోగ్య శాఖ వర్ధమాన దేశాలతో నైపుణ్యం పంచుకుంటోందని వార్తల్లో వస్తుంటుంది. ఒప్పందాలు, ఫొటోలు పక్కన పెడితే అసలు అక్కడ ఇచ్చేదేమిటి? నర్సింగ్ చదువుతున్న నాకు ఆ పనిలో చోటుంటుందా?" అని అడిగారు. హైదరాబాద్‌లో ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో పనిచేసినదాన్ని కాబట్టి, దగ్గరుండి చూసిన ఒక్క సంగతే వివరంగా చెబుతాను.

పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి; 2016 ఏప్రిల్‌లో దేశమంతా వాటిలో టైప్ 2 లేని కొత్త పోలియో చుక్కలకు మారింది. కొన్ని వారాలకే మన నగరం మురుగునీటి నమూనాలో టైప్ 2 వైరస్ దొరికింది. అది పాత చుక్కల మందులోని వైరస్ మారగా పుట్టిన రకం. పిల్లలెవరికీ జబ్బు రాలేదు, అయినా ఆగే పరిస్థితి కాదు. చుక్కల్లో టైప్ 2 తీసేశారు కాబట్టి పోలియో టీకా ఇంజెక్షనే దారి. ఆ మందుకేమో అప్పుడు ప్రపంచమంతా కొరత.

పూర్తి డోసు 0.5 మి.లీ. కండలోకి వేస్తారు. అందులో ఐదో వంతు, అంటే 0.1 మి.లీ. చర్మం పొరలో వేసి, రెండు డోసులు ఇస్తే మంచి రక్షణే వస్తుందని క్యూబా, బంగ్లాదేశ్‌లలో జరిగిన పరీక్షలు అప్పటికే చూపించాయి. ఇది గమనించండి: ముందు మనమే ఆ దేశాల నుంచి నేర్చుకున్నాం.

జూన్ 20 నుంచి వారం రోజులు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ముప్పు ఎక్కువున్న బస్తీల్లో ఆరు వారాల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు 3 లక్షల 11 వేల మందికి వేశాం. బీసీజీ (క్షయ టీకా) వేసే ఏఎన్ఎంలకు, అంటే టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్తలకు, చర్మం పొరలో వేయడం అలవాటే. కానీ బీసీజీ పసిగుడ్డుకు వేస్తాం, ఇక్కడ రెండేళ్ల పిల్లాడు కాళ్లతో తంతాడు. తల్లి ఒళ్లో ఎలా పట్టుకోవాలో ముందు తల్లికి చెప్పాలి. సూది దాదాపు పడుకోబెట్టినట్టు పెట్టాలి. చిన్న బొబ్బ లేస్తే సరిగ్గా పడ్డట్టు, లేవకపోతే లోతుకు దిగినట్టు. మొదటి రోజు అందరికీ టెన్షనే.

ఆగస్టుకల్లా ఈ కార్యక్రమం వివరాలు అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వారపత్రికలో వచ్చాయి. అదే ఏడాది పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ ఇలా ఐదో వంతు డోసుతో కార్యక్రమం చేశారు. శ్రీలంక దాన్ని మామూలు టీకాల పట్టికలోకే తెచ్చుకుంది.

తర్వాత విదేశాల నుంచి వచ్చిన ఆరోగ్య సిబ్బందికి మా పని చూపించే అవకాశం దొరికింది. వాళ్లు పాలసీ గురించి పెద్దగా అడగలేదు. తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక నర్సు అడిగింది: "మందు ఐదు రెట్ల మందికి సరిపోతుంది సరే, సిరంజిలు కూడా ఐదు రెట్లు కావాలి కదా, ముందే తెప్పించారా?" ఇంకొకాయన కరెంటు లేని చోట ఐస్ ప్యాక్‌లు ఎక్కడ గడ్డకట్టిస్తారని అడిగాడు. అలాంటి ఇబ్బందులు తాము పడ్డవాళ్లే వీటికి పనికొచ్చే జవాబు చెప్పగలరు. అందుకే హోటల్ హాల్లో వారం రోజుల శిక్షణ కంటే బస్తీలో ఒక్క పూట ఎక్కువ నేర్పుతుందని నా గట్టి నమ్మకం.

మిగతా దారులూ ఉన్నాయి. 1964లో మొదలైన భారత ప్రభుత్వ ఐటెక్ పథకం కింద విదేశీ అభ్యర్థులు ఇక్కడికొచ్చి శిక్షణ పొందుతారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఆసియా, ఆఫ్రికా దేశాల వారికి శిక్షణ ఇస్తూ వచ్చింది. 2021లో కోవిడ్ టీకాల నమోదుకు వాడిన కోవిన్ సాఫ్ట్‌వేర్‌ను వేరే దేశాలకు ఇస్తామన్నారు. అదీ మంచిదే, కానీ వివరాలు నింపే ఏఎన్ఎంకు తీరిక, శిక్షణ లేకపోతే సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఏమీ చేయలేదు.

ఇక మీ సంగతి. ఐటెక్ మనకోసం కాదు, బయటి వారికి. మీరు చదువయ్యాక రెండు మూడేళ్లు పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో పీహెచ్‌సీలోనో టీకాల పని చేయండి. మైక్రో ప్లాన్, అంటే ఏ వీధిలో ఎప్పుడు ఎవరు టీకాలు వేయాలో చూపే పట్టిక, మీ చేత్తో రాయండి, ఏ వీధి ఎందుకు తప్పిపోయిందో కూడా అందులో పెట్టండి. ఆ తర్వాత పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేస్తే బయటి దేశాల పనికి దరఖాస్తు చేసుకునేటప్పుడు చూపించడానికి మీకంటూ అనుభవం ఉంటుంది.