క్యాబినెట్ మార్చాక పీసీ ఆన్ కావట్లేదా? బోర్డు పోయిందని అప్పుడే అనుకోకండి

పాత క్యాబినెట్‌లో బాగా నడిచిన పీసీని కొత్తదాంట్లోకి మార్చాక, పవర్ నొక్కితే ఫ్యాన్లు ఒకసారి కదిలి ఆగిపోతున్నాయని, షాపులో అడిగితే మదర్‌బోర్డు పోయిందన్నారని రాశారు. డబ్బులు అప్పుడే తీయకండి. మీరు మార్చింది క్యాబినెట్ ఒక్కటే కాబట్టి, అది బోర్డును ఎక్కడెక్కడ తాకుతోందో ముందు అక్కడే వెతకాలి.

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా బాబాయి కొడుక్కి అచ్చం ఇదే జరిగింది. అక్కడి కంప్యూటర్ షాపుల వీధి ఎస్‌పీ రోడ్డులో గ్లాస్ ప్యానెల్ ఉన్న పెద్ద క్యాబినెట్ కొన్నాడు. వాడి బోర్డేమో మైక్రో ఏటీఎక్స్, అంటే మామూలు ఏటీఎక్స్ కంటే చిన్న సైజు. అన్నీ బిగించి బటన్ నొక్కితే ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయింది. వాడికీ షాపులో ఇదే మాట చెప్పారు. నేను వెళ్లి బోర్డును బయటికి తీయించి దాని అట్టపెట్టె మీద పెట్టించాను. బోర్డుతో వచ్చే వెండిరంగు కవరు మీద మాత్రం పెట్టకండి, దాని పైపొరలోంచి కరెంటు పారే అవకాశం ఉంది. దానికి ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, పవర్ ఇచ్చే ఎస్‌ఎంపీఎస్, అంతే ఉంచాం. వాడి ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు కూడా తీసేశాం. మీది పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు ఉంచాల్సిందే. బోర్డు మూలన పవర్ స్విచ్ వైరు గుచ్చే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపాను. ఫ్యాన్ ఆగకుండా తిరిగింది, మానిటర్ మీద బయోస్, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్, కనిపించింది.

బోర్డు బాగానే ఉందని తేలింది కదా, ఇక ఖాళీ క్యాబినెట్‌లోకి టార్చ్ వేసి చూశాం. బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి పట్టే ఇత్తడి స్టాండాఫ్‌లు పెద్ద ఏటీఎక్స్ బోర్డుకు తగ్గట్టు ముందే బిగించి ఉన్నాయి. వాటిలో ఒకటి వాడి బోర్డులో రంధ్రం లేని చోట నిలబడి ఉంది. బోర్డు తిప్పి చూస్తే సరిగ్గా అక్కడే, సోల్డర్ చుక్కల మీద గుండ్రంగా చిన్న గీత. ఆ చుక్కలు ఇత్తడికి తగిలి షార్ట్ అవుతుంటే, ఎస్‌ఎంపీఎస్ వెంటనే సప్లై ఆపేస్తోంది. నోస్ ప్లయర్‌తో ఆ ఒక్కటి విప్పేశాక మళ్లీ ఆ గొడవ లేదు. మీరూ బోర్డులో రంధ్రాలు లెక్కపెట్టి, స్టాండాఫ్‌లు సరిగ్గా వాటి కిందే ఉన్నాయో లేదో చూసుకోండి. ఎక్కువ ఉన్నా తప్పే, చోటు మారినా తప్పే.

స్టాండాఫ్‌లు సరిగ్గానే ఉంటే తర్వాత క్యాబినెట్ ముందువైపు బటన్ల నుంచి వచ్చే వైర్లన్నీ పీకేసి, పిన్నుల దగ్గరే ఆన్ చేసి చూడండి. కొత్త క్యాబినెట్లలో బటన్ లోపలికి ఇరుక్కుపోయి ఉండడం మామూలే. ఆన్ అయిన 4 సెకన్లకు టక్కున ఆగిపోతుంటే పవర్ బటన్ మీదే అనుమానం, పదే పదే రీస్టార్ట్ అవుతుంటే రీసెట్ బటన్ మీద. యూఎస్‌బీ 3.0 వైరు గుచ్చేచోట పిన్ను వంగి పక్కదానికి తగిలినా ఇలాంటి ఇబ్బందే వస్తుంది. ఆ ప్లగ్ గట్టిగా ఉంటుంది, చాలామంది బలం ప్రయోగిస్తారు.

ఫ్యాన్లు తిరుగుతూ డిస్‌ప్లే మాత్రం రాకపోతే అది వేరే సంగతి. ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్నుల పవర్ వైరు పెట్టారా? పెద్ద క్యాబినెట్‌లో అది వెనకనుంచి పైదాకా అందక వదిలేసినవాళ్లున్నారు. ర్యామ్ తీసి, రెండు వైపులా క్లిక్ అనేదాకా నొక్కండి. కార్డు ఉంటే మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి, బోర్డుకు కాదు. బయోస్ వచ్చి విండోస్ రాకపోతే డిస్క్‌కు వెళ్లే సాటా కేబుల్ వదులైందేమో ముందు చూడండి.

ఇంకొకటి. క్యాబినెట్‌తో ఉచితంగా ఇచ్చిన ఎస్‌ఎంపీఎస్ వేశారా? వేసుంటే పాతదే తెచ్చి పెట్టండి. ఆ ఉచితం సరుకును నేనైతే అస్సలు నమ్మను. ఎస్‌ఎంపీఎస్ ఒకసారి ట్రిప్ అయితే వెనక స్విచ్ ఆపి ఒక నిమిషం ఆగాకే మళ్లీ ప్రయత్నించండి, లేకపోతే బాగున్న బోర్డు కూడా చచ్చినట్టే కనిపిస్తుంది.

అట్టపెట్టె మీద కూడా ఆన్ కాకపోతే అప్పుడు బోర్డు పట్టుకుని ఎస్‌పీ రోడ్డుకే వెళ్లండి. వేరే షాపులో, మీ కళ్ల ముందే, వాళ్ల ఎస్‌ఎంపీఎస్‌తో టెస్ట్ చేయించండి. బిల్లు కూడా వెంట తీసుకెళ్లండి, చాలా బోర్డులకు 3 ఏళ్ల వారంటీ ఉంటుంది.