అమ్మ మొక్కు, మీ మాట

ప్రశ్న: మాది హనుమకొండ. పోయిన వానాకాలం చెల్లికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోయాయి. ఆ రాత్రి అమ్మ సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటే చెల్లి బరువంత బెల్లం, మొక్కుకుంది. చెల్లి కోలుకుంది. మొన్న జాతర మాట వస్తే, "బతికించింది డాక్టర్లు, 46 కిలోల బెల్లం దండగ" అని చుట్టాల ముందు అనేశాను. మూడు వారాలుగా అమ్మ నాతో మాట్లాడట్లేదు. దేవుడి మీద నమ్మకం లేని నేను మేడారం వెళ్తే అబద్ధం ఆడినట్టు కాదా?

జవాబు: తమ్ముడూ, మీరు చెప్పిన విషయం తప్పు కాదు. డెంగీలో జ్వరం తగ్గాక ఒకటి రెండు రోజులే అసలు గండం. అది దాటితే ప్లేట్‌లెట్లు చాలామందికి వాటంతటవే పెరుగుతాయి. మనుషులు మొక్కుకునేదీ సరిగ్గా ఆ గండం రాత్రే కదా, మర్నాడు కౌంట్ పెరిగితే మొక్కు ఫలించిందనే అనిపిస్తుంది. అలాగని డాక్టర్ల దగ్గరా ఆ వైరస్‌ను చంపే మందేమీ లేదు. సెలైన్ లెక్కగా ఎక్కిస్తూ కాపు కాయడమే వాళ్ల వైద్యం. ఆ కాపలాయే ప్రాణం నిలబెడుతుంది, అది వేరే సంగతి.

ఒక్కటి గమనించారా? మీ అమ్మ ఆస్పత్రి వద్దనలేదు. మొక్కుకున్నానని సెలైన్ పీకించలేదు. అలా చేసి ఉంటే నేను మీ పక్కనే నిలబడి గొడవపడేదాన్ని. వార్డు బయట బెంచీ మీద ఆమె చేయగలిగింది ఇంకేముంది? మీరు బెల్లాన్ని కాదు, ఆ రాత్రిని దండగ అన్నారు. అదీ పదిమందిలో.

అభిప్రాయం మార్చుకోనక్కర్లేదు. చుట్టాల ముందు అన్నందుకు మాత్రం సారీ చెప్పండి, వీలైతే వాళ్ల ముందే. తర్వాత ఉన్నమాట చెప్పండి: "అమ్మా, నేను మొక్కను. కానీ నిన్ను నేనే తోల్కపోత, బెల్లం బుట్ట నేనే మోస్త." ఇందులో అబద్ధం ఎక్కడుంది? బొట్టు పెట్టుకోమని, దండం పెట్టమని బలవంతం చేయొద్దని ఆమెనూ అడగండి. ఆ హక్కు మీకుంది. మన రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది ఇద్దరికీ. అయినా మేడారంలో విగ్రహం ఉండదు, గద్దెలే. కాకతీయుల సేనతో పోరాడిందని చెప్పుకునే ఆడమనిషి కోసం అంత జనం ఎందుకొస్తారో చూడ్డానికైనా వెళ్లొచ్చు.

ఇంకోటి. తూకంలో కూర్చోవాల్సింది మీ చెల్లి. ఆమెకు ఇష్టమో కాదో మీ ఇద్దరిలో ఎవరైనా అడిగారా? ఉత్తరంలో ఆ మాటే లేదు.